ఇంటి టెలిఫోను - కాలర్ ఐడీ పరికరం: ఉస్మానియా, తార్నాక ప్రాంతాల నేపథ్యంలో సామాజిక చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:

టెలిఫోను వాడుకలోకి వచ్చిన తొలి శతాబ్దంలో పిలిచేవారికి తాము ఎవరిని పిలుస్తున్నదీ తెలిసేది. ఎత్తేవారికి మాత్రం పిలుస్తున్నది ఎవరో తెలిసేది కాదు. 1990ల చివర, 2000ల తొలి సంవత్సరాల్లో మన నగరాల ఇళ్లలోకి వచ్చిన కాలర్ ఐడీ పరికరం ఈ అసమానతను మార్చింది. ఈ పరికరం చరిత్రను సాధారణంగా పిలిచేవారికీ, ఎత్తేవారికీ మధ్య గోప్యత సమస్యగా చర్చిస్తారు. ఒకే ఫోనును కుటుంబమంతా పంచుకున్న తెలుగు ఇళ్లలో అంతకంటే ముఖ్యమైన సమస్య ఇంటిలోపలి గోప్యతది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక నేపథ్యంగా ఈ పరికరం అమరికను, వాడుకను, పరిమితులను పరిశీలించి, ఆ సమస్య నేటి ‘పేరు ప్రదర్శన’ చర్చ వరకు ఎలా కొనసాగుతున్నదో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: టెలిఫోను, కాలర్ ఐడీ, గోప్యత, గృహజీవనం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, తార్నాక, మిస్డ్ కాల్.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో మొదలయ్యాయి. అప్పటి నుంచి దాదాపు నూరేళ్లకు పైగా టెలిఫోను గంట ఒక ప్రశ్నగానే మోగింది. తలుపు తట్టినవారిని కిటికీలోంచి చూడవచ్చు. ఉత్తరం వస్తే కవరు మీది దస్తూరిని బట్టి ఎవరు రాసిందీ పోల్చుకోవచ్చు. ఫోను విషయంలో మాత్రం ఎత్తి ‘హలో’ అంటే తప్ప అవతలి మనిషి ఎవరో తెలిసే మార్గం లేదు.

టెలిఫోను సామాజిక చరిత్రపై పాశ్చాత్య దేశాల్లో గణనీయమైన కృషి జరిగింది. క్లాడ్ ఫిషర్ ‘అమెరికా కాలింగ్’ (1992)లో వినియోగదారుల దృష్టి నుంచి ఆ చరిత్రను రాశారు. లానా రాకో ‘జెండర్ ఆన్ ది లైన్’ (1992)లో ఒక చిన్న ఊరి స్త్రీల టెలిఫోను వాడకాన్ని పరిశీలించారు. మన దేశానికి వచ్చేసరికి రాబిన్ జెఫ్రీ, అస్సా డోరన్ (2013) వంటివారి దృష్టి మొబైల్ ఫోనుపై కేంద్రీకృతమైంది. ల్యాండ్‌లైన్ చివరి దశలో వచ్చి పదిపదిహేనేళ్లలోనే మరుగున పడిన కాలర్ ఐడీ డబ్బా ఈ రెండు చరిత్రల నడుమ జారిపోయింది. ఆ ఖాళీని ఒక ప్రాంతం ఆధారంగా పూరించే ప్రయత్నం ఇది.

2. ప్రాంత నేపథ్యం:

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ బోధనా మాధ్యమంగా ఏర్పడింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. ప్రాంగణానికి ఉత్తరాన ఉన్న తార్నాకకు ఆ పేరు ఎలా వచ్చిందనే విషయంలో స్థానికంగా ఒక కథనం ప్రచారంలో ఉంది. ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కావలి చౌకీ. నిజాం కాలంలో ఇక్కడి తోటకు తీగకంచె, కాపలా చౌకీ ఉండడం వల్ల ఈ పేరు స్థిరపడిందని అంటారు. ఉర్దూలో టెలిగ్రాముకు కూడా ‘తార్’ అనే మాటే వాడుకలో ఉండేది.

ఈ ప్రాంతపు జనజీవనాన్ని నిర్ణయించినవి విద్యా, పరిశోధన సంస్థలు, రైల్వే. హైదరాబాదు సంస్థాన కాలంలో, 1944లో మొదలైన ప్రయోగశాల తరువాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా (ఐ.ఐ.సి.టి.) రూపొందింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. అదే ఏడాది, నేటి ‘ఇఫ్లూ’కు మూలమైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) 1961లోనూ, సి.సి.ఎం.బి. 1977లోనూ మొదలయ్యాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు వీటన్నిటికంటే పాతది. ఆచార్యులు, శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు తార్నాక, హబ్సిగూడ వీధుల్లో ఇళ్లు కట్టుకున్నారు. ప్రాంగణం అంచున మాణికేశ్వరినగర్ వంటి శ్రామికుల బస్తీలు వెలిశాయి. ప్రాంగణం లోపల వేలాది విద్యార్థులు హాస్టళ్లలో ఉండేవారు.

కాలర్ ఐడీ చరిత్రకు ఈ కూర్పు ముఖ్యమైనది. సొంత ఫోను ఉన్న వేతనజీవుల ఇళ్లు, ఉమ్మడి ఫోను ఉన్న హాస్టళ్లు, ఫోనే లేక ఎస్.టి.డి. బూతుపై ఆధారపడిన బస్తీలు - ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోటు ఇది. ఒకే పరికరం ఈ మూడింటికీ మూడు రకాలుగా అర్థమైంది.

3. సాంకేతిక నేపథ్యం:

పిలుస్తున్న నంబరును అవతలివారికి చూపాలన్న ఆలోచన 1960ల చివరనే మొదలైంది. గ్రీకు ఇంజనీరు థియొడోర్ పరస్కెవాకోస్ ఈ దిశగా తొలి ప్రయత్నాలు చేసి 1970లలో పేటెంట్లు పొందారు. అమెరికాలో బెల్ సంస్థలు 1980ల మధ్యలో ప్రయోగాలు జరిపాయి. 1987లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఇళ్లకు ఈ సేవ అందుబాటులోకి వచ్చింది. వెంటనే వివాదమూ మొదలైంది. పిలిచేవారి అనుమతి లేకుండా వారి నంబరు చూపడం రాష్ట్ర చట్టానికి విరుద్ధమని పెన్సిల్వేనియా న్యాయస్థానం 1990లో తీర్పు చెప్పగా, ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1992లో దానిని సమర్థించింది. హింసకు గురై ఆశ్రయగృహాల్లో తలదాచుకున్న స్త్రీలు ఇంటికి ఫోను చేస్తే వారి జాడ బయటపడుతుందన్న వాదన ఆనాటి చర్చల్లో బలంగా వినిపించింది. అందువల్లనే నంబరు చూపే సేవతోపాటు నంబరు దాచే సేవ కూడా రూపొందింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1990ల తొలి సంవత్సరాల్లో ఈ రెండింటినీ ‘క్లిప్’, ‘క్లిర్’ అనే పేర్లతో జంట ప్రమాణాలుగా నిర్వచించింది.

మన దేశంలో అప్పటి పరిస్థితి వేరు. 1991 నాటికి దేశమంతటా ఉన్న ఫోను లైన్లు సుమారు 50 లక్షలు. ఫోను కోసం దరఖాస్తు పెట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూసేవారు. త్వరగా కావాలంటే పెద్ద మొత్తం ముందే కట్టే ఓ.వై.టి. పథకం ఉండేది. పాత స్ట్రోజర్, క్రాస్‌బార్ ఎక్స్ఛేంజీలు యాంత్రికమైనవి. స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలో ఒక ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవాలంటే కాల్ నడుస్తుండగానే సిబ్బంది ఒక సెలెక్టరు నుంచి మరో సెలెక్టరుకు వెనక్కి వెదుక్కుంటూ పోవాలి. పిలిచినవారు పెట్టేస్తే ఆ జాడ చెరిగిపోయేది.

ఈ స్థితిని మార్చింది ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీ. ఫ్రెంచి సాంకేతికతతో ఐ.టి.ఐ. మన్కాపూర్‌లో తయారుచేసిన ఇ-10బి ఎక్స్ఛేంజీలు, 1984లో ఏర్పడిన సి-డాట్ రూపొందించిన దేశీయ ఎక్స్ఛేంజీలు 1980ల చివర నుంచి పాతవాటి స్థానంలోకి వచ్చాయి. వీటిలో పిలిచే నంబరు ప్రతి కాల్‌తోపాటు సమాచారంగా ప్రయాణించగలదు. దానిని చందాదారు ఇంటి దాకా పంపడం ఇక పెద్ద పని కాదు. హైదరాబాదు ఎస్.టి.డి. కోడ్ 0842 నుంచి 040కి మారడం, ఆ తరువాత కొన్నేళ్లకు ఏడంకెల నంబర్ల ముందు 2 చేరి తార్నాక ప్రాంతపు నంబర్లు 27తో మొదలు కావడం కూడా ఈ విస్తరణ దశకు గుర్తులే.

4. పరికరం అమరిక, వాడుక:

కాలర్ ఐడీ పరికరం రెండు రూపాల్లో దొరికేది. ఒకటి తెర అమర్చిన కొత్త ఫోను. రెండవది ఉన్న ఫోనుకు తోడుగా పెట్టుకునే చిన్న డబ్బా. ప్రభుత్వం ఇచ్చిన పాత ఫోనును వదులుకోకుండా వాడాలనుకున్నవారికి రెండవదే అనుకూలం. ముందుగా ఎక్స్ఛేంజీలో దరఖాస్తు ఇవ్వాలి. తొలినాళ్లలో ఇది నెలవారీ రుసుముతో కూడిన అదనపు సేవ. సేవ మొదలు కాకుండా డబ్బా కొన్నా తెర ఖాళీగానే ఉండేది.

డబ్బాకు ‘లైన్’, ‘ఫోన్’ అని రెండు సాకెట్లు ఉంటాయి. గోడ మీది రోజెట్ నుంచి వచ్చే తీగను మొదటిదానికి, ఫోనుకు వెళ్లే పొట్టి తీగను రెండవదానికి కలపాలి. ఫోను పెట్టి ఉన్నప్పుడు లైనులో సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. అయితే ఆ స్థితిలో దాని నుంచి చెప్పుకోదగ్గ కరెంటు తీసుకుంటే ఫోను ఎత్తినట్లు ఎక్స్ఛేంజీ భావిస్తుంది. అందుకే తెరకు, జ్ఞాపకశక్తికి విడిగా పెన్సిల్ బ్యాటరీలు కావాలి. తరువాత తేదీ, సమయం, సొంత ఊరి కోడ్ నమోదు చేయాలి. చివరగా పక్కింటి నుంచి ఒకసారి ఫోను చేయించుకొని పరీక్షించాలి. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మరో నియమం తోడయింది. స్ప్లిటర్‌లో మోడెమ్‌కు ఒక దారి, ఫోనుకు మరో దారి ఉంటాయి. డబ్బాను ఫోను దారిలోనే పెట్టాలి.

నంబరు డబ్బాకు చేరే పద్ధతిలో దేశానికీ దేశానికీ తేడా ఉంది. అమెరికా పద్ధతిలో మొదటి గంటకూ రెండవ గంటకూ నడుమ, సెకనుకు 1200 బిట్ల వేగంతో మోడెమ్ సంకేతంగా సమాచారం వస్తుంది. అందులో నంబరుతోపాటు తేదీ, సమయం కూడా ఉంటాయి. కొన్ని సేవల్లో పేరూ ఉంటుంది. మన ప్రభుత్వ లైన్లలో ఎక్కువగా వాడింది డి.టి.ఎం.ఎఫ్. పద్ధతి. బటన్ ఫోను మీటలు నొక్కినప్పుడు వినిపించే జంట స్వరాలే ఇక్కడా సంకేతాలు. ముందు లైను ధ్రువత మారుతుంది, ఆపై నంబరులోని అంకెలు స్వరాలుగా వస్తాయి, ఆ తరువాత గంట మోగుతుంది.

ఈ తేడా ఫలితాలు రెండు. అమెరికాలో నంబరు చూడాలంటే రెండవ గంట దాకా ఆగాలి. ఇక్కడ మొదటి గంటతోనే నంబరు తెర మీద ఉంటుంది. అంటే ఎత్తాలా వద్దా అన్న నిర్ణయం గంటతోపాటే మొదలవుతుంది. రెండవది చరిత్రకారులకు మరింత ముఖ్యం. డి.టి.ఎం.ఎఫ్. సంకేతంలో సమయం రాదు. డబ్బాలో కనిపించే తేదీ, గంట ఎక్స్ఛేంజీవి కావు. ఆ ఇంట్లో ఎవరో చేత్తో పెట్టినవి. బ్యాటరీలు అయిపోతే గడియారం మొదటికి వచ్చేది. ఈ విషయం ఆరవ విభాగంలో మళ్లీ చర్చకు వస్తుంది.

5. అంకెలు చెప్పినది, చెప్పనిది:

తెరపై కనిపించేది లైను నంబరే తప్ప మనిషి కాదు. ఈ మాట సామాన్యంగా తోచినా, ప్రాంగణం పరిసరాల్లో దీని ప్రభావం విస్తృతమైనది.

మొదటిది, బూతు నుంచి వచ్చే ఫోన్లు. రాత్రివేళ రాయితీ కోసం విద్యార్థులు ఎస్.టి.డి. బూతుల ముందు బారులు తీరిన కాలమది. ఏ విద్యార్థి పిలిచినా ఇంటి తెరపై కనిపించేది బూతు నంబరే. తిరిగి ఆ నంబరుకు చేస్తే పలికేది బూతు యజమాని. ఫోను లేని బస్తీ మనిషి తార్నాకలోని యజమాని ఇంటికి ‘ఈరోజు పనికి రాలేను’ అని చెప్పాలన్నా అదే నంబరు. కాలర్ ఐడీ లైను ఉన్నవారికే గుర్తింపునిచ్చింది. లేనివారు ఆ తెరపై ఎప్పటికీ ‘ఎవరో’గానే మిగిలారు. తెలియని నంబర్లను ఎత్తకూడదన్న అలవాటు ఇంట్లో బలపడిన కొద్దీ ఆ భారం మొదట పడింది వీరిమీదే.

రెండవది, సంస్థల ఫోన్లు. విశ్వవిద్యాలయ శాఖలు, పరిశోధన సంస్థల్లో ఉండే అంతర్గత ఎక్స్ఛేంజీ (ఇ.పి.ఎ.బి.ఎక్స్.) నుంచి బయటికి చేస్తే సాధారణంగా బయటి లైను నంబరే కనిపిస్తుంది. ఏ గదిలో ఎవరు పిలిచారో తెలియదు. తెర దృష్టిలో పిలిచింది సంస్థే.

మూడవది, విదేశాల ఫోన్లు. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట్ల చదివి అమెరికా వెళ్లిన పిల్లలు చేసే ఫోన్లకు చాలా కాలం పాటు నంబరు రాలేదు. ‘అవుట్ ఆఫ్ ఏరియా’ అన్న మాటో, వరుస సున్నాలో కనిపించేవి. తల్లిదండ్రులకు అదే ఒక గుర్తు. ఆదివారం పొద్దున నంబరు లేని ఫోను మోగితే అది పిల్లలదేనని గ్రహించి పరుగున వచ్చి ఎత్తేవారు. న్యూజెర్సీలో ఇంటింటా నంబరు చూపే సేవ 1987లోనే మొదలైనా, అక్కడి నుంచి వచ్చే ఫోను మాత్రం తార్నాకలో నంబరు లేకుండానే మోగడం గమనార్హం.

నాలుగవది, అబద్ధపు నంబర్లు. 2003లో ప్రవేశపెట్టిన యాక్సెస్ డెఫిసిట్ చార్జి వల్ల విదేశీ కాల్ దేశంలోకి తీసుకురావడం ఖరీదైంది. ఆ రుసుము తప్పించుకోవడానికి విదేశీ కాల్‌ను స్థానిక కాల్‌గా చూపించే పద్ధతులు పుట్టాయి. ఈ కారణంతో టెలికాం శాఖ 2004లో ఒక ప్రైవేటు సంస్థకు 150 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తెరపై స్థానిక నంబరు, చెవిలో అమెరికాలోని కూతురి గొంతు - ఈ వింతకు మూలం యంత్ర లోపం కాదు, రుసుముల విధానం. తెర మీది అంకె సత్యమా కాదా అన్నది సాంకేతికత ఒక్కటే తేల్చే విషయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

6. ఇంటిలోపలి గోప్యత:

తెలుగు మధ్యతరగతి ఇంట్లో ఫోను స్థానం హాలు. దాని మీద అల్లిన గుడ్డ, పక్కన నంబర్ల పుస్తకం, కొన్ని ఇళ్లలో డయలుకు చిన్న తాళం. కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉండేది, డైరెక్టరీలోనూ ఆయన పేరే. పగటివేళ ఎత్తేది మాత్రం ఎక్కువగా ఇంట్లో ఉండే స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. ఫోను ఎవరిది, ఎత్తేదెవరు అన్న ఈ రెండు ప్రశ్నల మధ్య దూరమే కాలర్ ఐడీ చరిత్రకు కీలకం.

పలకరింపులో వచ్చిన మార్పు మొదట గమనించదగినది. అవతలివారు ఎవరో తెలియనప్పుడు అందరికీ ఒకే మర్యాద. ‘హలో, ఎవరు కావాలండీ?’ అన్న మాటలో వయసు, వరస, అంతస్తు ఏవీ లేవు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ల ఎంపిక లేకుండా రెండు వాక్యాలు కొనసాగించడం కష్టం. తెలియని గొంతు ముందు ఆ ఎంపిక ‘మీరు’ వైపే ఒరిగేది. నంబరు ముందే కనిపించాక ‘చెప్పు బాబాయ్’, ‘ఏరా, చేరావా?’, ‘నమస్కారం సార్’ అని వరసతోనే సంభాషణ మొదలైంది. ఫోను ఎత్తిన తొలి క్షణంలో అందరికీ దక్కిన ‘అండీ’ ఇలా క్రమంగా కుంచించుకుపోయింది.

రెండవ అంశం రక్షణ. ఎత్తగానే మౌనం, ఊపిరి శబ్దం, అసభ్యపు మాట - వీటన్నిటికీ కలిపి ‘బ్లాంక్ కాల్స్’ అన్న పేరు స్థిరపడింది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటలను శిక్షార్హం చేసిన సెక్షన్ 509 భారత శిక్షాస్మృతిలో 1860 నుంచి 2024 వరకు ఉండేది. అయితే చేసిందెవరో తెలియనప్పుడు సెక్షన్ ఉండి ప్రయోజనం తక్కువ. కాలర్ ఐడీ డబ్బా ఆ అజ్ఞాతాన్ని తొలగించింది. ఎక్స్ఛేంజీకి, పోలీసు స్టేషనుకు వెళ్లకుండానే ఒక స్త్రీ ‘మీ నంబరు నా ముందుంది’ అని చెప్పగలిగిన తొలి సందర్భం ఇది. ఈ పరికరం పొందిన ఆదరణకు ఇది ప్రధాన కారణాల్లో ఒకటి.

మూడవ అంశం నిఘా. రక్షణ కోసం పెట్టిన డబ్బాయే వచ్చిన ప్రతి ఫోనునూ గుర్తుపెట్టుకుంది. సాయంత్రం ఇంటికి వచ్చిన పెద్దలు పై మీట, కింది మీట నొక్కుతూ పగలంతా ఎవరెవరు చేశారో చూడగలిగారు. ‘మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చిన ఈ నంబరు ఎవరిది?’ అన్న ప్రశ్న అంతకుముందు అసాధ్యం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పగలు ఇంట్లో ఉన్న కోడలు, లేదా కళాశాల నుంచి వచ్చిన కూతురు. పుట్టింటి నుంచి ఎన్నిసార్లు ఫోను వచ్చిందో, ఏ సహాధ్యాయి పిలిచాడో ఆ జాబితా చెబుతుంది. జాబితా నుంచి ఒక నంబరును తుడిచివేసే మీట కూడా అదే డబ్బాకు ఉంది. తుడిచివేయడం గోప్యతను కాపాడుకొనే ఉపాయం. తుడిచినట్టు తెలిస్తే అదే అనుమానానికి కారణం.

కనుక ఈ పరికరం స్త్రీలకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్న ప్రశ్నకు ఒకే మాటలో సమాధానం లేదు. బయటి అపరిచితుడి నుంచి రక్షించినదీ, లోపలి పెద్దరికానికి లెక్క అప్పజెప్పినదీ ఒకే తెర. అమెరికా న్యాయస్థానాల్లో జరిగిన చర్చ పిలిచేవారి హక్కుకు, ఎత్తేవారి హక్కుకు మధ్య నడిచింది. ప్రతి కొనలోనూ ఒకే వ్యక్తి ఉన్నట్లు ఆ చర్చ భావించింది. మన ఇళ్లలో ‘ఎత్తేవారు’ ఒక కుటుంబం. ఆ కుటుంబంలో అందరి అధికారం సమానం కాదు.

మన న్యాయస్థానాలూ ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. టెలిఫోను సంభాషణ వ్యక్తి గోప్యతలో భాగమని పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో చెప్పింది. అయితే అది రాజ్యం చేసే ట్యాపింగ్‌కు సంబంధించినది. భార్య ఫోను సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేయడం ఆమె గోప్యతకు భంగమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 2008లో ప్రచురితమైన ఒక తీర్పులో స్పష్టం చేసింది. 2025లో మరో రాష్ట్రం నుంచి వచ్చిన వైవాహిక వివాదంలో అటువంటి రికార్డులను సాక్ష్యంగా స్వీకరించవచ్చని సుప్రీంకోర్టు పేర్కొంది. రాజ్యానికీ పౌరునికీ మధ్య గోప్యత 2017 నాటి పుట్టస్వామి తీర్పుతో ప్రాథమిక హక్కుగా నిలిచింది. ఇంటి గోడల లోపల మాత్రం దాని హద్దులు ఇంకా చర్చనీయాంశాలే.

ఈ డబ్బాను చారిత్రక ఆధారంగా వాడదలచినవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. దాని జ్ఞాపకం పరిమితం, కొత్త నంబరు వస్తే పాతది పోతుంది. దాని సమయం ఇంటివారు పెట్టిన సమయం. దానిలో లేని నంబరు రాని ఫోను కావచ్చు, తుడిచిన ఫోనూ కావచ్చు. అందువల్ల ఈ చరిత్రకు ప్రధాన ఆధారం యంత్రం కాదు, దానిని వాడినవారి మాట. స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల కథనాలను చరిత్రకు ఆధారంగా నిలబెట్టింది. అదే పద్ధతిని గృహోపకరణాల చరిత్రకూ అన్వయించవలసి ఉంది. ల్యాండ్‌లైన్ కాలంలో యువతులుగా, కోడళ్లుగా ఉన్నవారు నేడు నడివయసు దాటారు. వారి అనుభవాలను నమోదు చేయడానికి ఇదే తగిన సమయం.

7. నంబరు నుంచి పేరుకు:

2004 అక్టోబరు నాటికి దేశంలో మొబైల్ ఫోన్ల సంఖ్య ల్యాండ్‌లైన్లను దాటింది. ల్యాండ్‌లైన్లు సుమారు 5 కోట్ల వద్ద గరిష్ఠస్థాయికి చేరి, ఆపై తగ్గుముఖం పట్టాయి. మొబైల్‌లో తెర పుట్టుకతోనే ఉంది కనుక వేరే డబ్బా అవసరం లేకపోయింది. వచ్చే కాల్‌కు కూడా రుసుము ఉన్న తొలి రోజుల్లో, ఎత్తకుండానే ఎవరో తెలుసుకోవడం నేరుగా డబ్బు ఆదా. 2003 మే నుంచి వచ్చే కాల్స్ ఉచితమయ్యాక పిలిచేవారే ఖర్చు భరించాల్సివచ్చింది. దానితో ‘మిస్డ్ కాల్’ ఒక భాషగా ఎదిగింది. ఎత్తకుండానే ‘చేరాను’, ‘కిందికి రా’, ‘నువ్వే చెయ్యి’ అన్న అర్థాలు అందాయి. అంతకుముందు ల్యాండ్‌లైన్‌పై ఒక గంట కొట్టి పెట్టేసే పద్ధతి ఉన్నా, ఆ గంట ఎవరిదో ముందే అనుకొని ఉండాలి. నంబరు కనిపించడంతో ఆ ఒప్పందం అవసరం తీరిపోయింది.

మొబైల్ ఒక్కొక్కరికీ ఒక తెరను ఇచ్చింది. హాలులోని ఉమ్మడి జాబితా సొంత జాబితాగా మారింది. అయినా సమస్య ముగియలేదు, రూపం మార్చుకుంది. 2009లో స్వీడన్‌లో మొదలైన ట్రూకాలర్ వాడుకరుల సమాచారం ఆధారంగా నంబరుకు పేరు జోడించింది. దానికి అతిపెద్ద విపణి భారతదేశమే. భారత టెలికాం నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ 2024 ఫిబ్రవరిలో, చందాదారు దరఖాస్తులో ఉన్న పేరును అధికారికంగా తెరపై చూపే సేవను (సి.ఎన్.ఎ.పి.) సిఫారసు చేసింది. మోసపు కాల్స్ పెరిగిన ఈ కాలంలో దీని అవసరాన్ని కాదనలేము.

అయితే ల్యాండ్‌లైన్ చరిత్ర తెలిసినవారికి ఇక్కడ రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, దరఖాస్తులోని పేరు వాడేవారి పేరే కానక్కరలేదు. తండ్రి, భర్త పేరున తీసుకున్న సిమ్‌తో ఒక స్త్రీ పిలిస్తే తెరపై కనిపించేది ఆమె కాదు. డైరెక్టరీ కాలపు ఇంటి యజమాని మళ్లీ తెరపైకి వస్తాడు. రెండు, అంకెకు కులమూ మతమూ లేవు. మన సమాజంలో పేరుకు, ఇంటిపేరుకు అవి చాలాసార్లు ఉంటాయి. అద్దె ఇంటి కోసం, ఉద్యోగం కోసం పిలిచే మనిషి గొంతు వినకముందే పేరు చదివే అవకాశం ఏర్పడుతుంది. ప్రాంగణం చుట్టుపక్కల గది వెదుక్కునే విద్యార్థికి ఇది కేవలం సిద్ధాంతచర్చ కాదు. నంబరు దాచే ‘క్లిర్’ సేవ మాత్రం మన లైసెన్సు నిబంధనల ప్రకారం సాధారణ చందాదారుకు ఇచ్చేది కాదు, కారణం పరిశీలించి కొద్దిమందికే ఇచ్చేది. చూపడం అందరి బాధ్యతగా, దాచడం కొందరి హక్కుగా స్థిరపడింది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• కాలర్ ఐడీ సేవ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీల వల్ల సాధ్యమైంది. మన లైన్లలో వాడిన డి.టి.ఎం.ఎఫ్. పద్ధతి వల్ల నంబరు మొదటి గంటకు ముందే అందింది. సమయం మాత్రం ఇంటివారు పెట్టుకున్నదే.

• తెర గుర్తించింది లైనును, మనిషిని కాదు. బూతుపై ఆధారపడిన విద్యార్థులు, శ్రామికులు ఆ గుర్తింపునకు వెలుపలే ఉన్నారు.

• అపరిచితుల వేధింపు నుంచి స్త్రీలకు రక్షణ కల్పించిన పరికరమే ఇంటిలోపల వారి సంబంధాలకు లెక్కపుస్తకమైంది. గోప్యతను ఇద్దరు వ్యక్తుల నడుమ వ్యవహారంగా చూసే దృష్టి మన గృహచరిత్రకు చాలదు.

• నంబరు ముందే తెలియడం తెలుగు సంభాషణలోని తొలి మర్యాదను మార్చింది. దీనిపై సామాజిక భాషాశాస్త్ర పరిశోధన జరగవలసి ఉంది.

• పేరు ప్రదర్శన విధానాలను రూపొందించేటప్పుడు కులం, లింగం, ఇంటి యాజమాన్యం అనే అంశాలను మోసాల నివారణతో సమానంగా పరిగణించాలి.

తార్నాక ఇళ్ల గోడలపై ఖాళీ రోజెట్లు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. వాటికి తగిలించిన డబ్బాలు పోయాయి. ఎవరు పిలుస్తున్నారో తెలుసుకొనే హక్కు ఎవరిది, తెలుసుకున్నదానిని ఇంట్లో ఇంకెవరు చూడవచ్చు అన్న ప్రశ్నలు మాత్రం ప్రతి కొత్త తెరతోనూ మళ్లీ మన ముందుకు వస్తూనే ఉంటాయి.